మూడో అంతస్తులో ఆగండి

"ఇంకోసారి చదవరా," అంది అత్తగారు.

"మూడుసార్లు చదివానమ్మా."

"నాలుగోసారి చదివితే అరిగిపోదులే. మీ నాన్నకి సరిగ్గా వినపడినట్టు లేదు."

గోడవారన కుర్చీలో కూర్చున్న మామగారు, తనకు బాగానే వినపడిందని చెప్పబోయి మానుకున్నాడు. నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయే మరలతో బతికినవాడు కాబట్టి, ఇంట్లో గొడవ జరిగేటప్పుడు కదలకుండా కూర్చోవడం ఆయనకు బాగా అలవాటు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. డ్యూటీకి బయల్దేరినవాడు బయల్దేరినట్టే ఆగిపోయాడు. లిఫ్టు కంపెనీ చొక్కా ఒంటి మీదే ఉంది, జేబులో టెస్టరు అలాగే ఉంది. చేతిలో మాత్రం తనది కాని ఫోను. పెళ్ళాం స్నానానికి వెళ్ళినప్పుడు మోగింది. తీసి చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అతనికీ అనిపిస్తోంది, కానీ పిలిచి కూర్చోబెట్టిన సభని లేపి పంపడం అతని వల్ల అయ్యే పని కాదు.

"'లిఫ్టు మెల్లగా ఎక్కించండి. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. మూడో అంతస్తులో ఆగండి. పది లెక్కపెట్టండి. మెల్లగా దిగండి. మీవారు పక్కనే కూర్చున్నా ఫర్వాలేదు, ఆయనకేమీ తెలియదు.'"

"కింద ఇంకో ముక్క ఉంది. అదీ చదువు."

"'పెల్విక్ ఫ్లోర్. మంగళవారం మూడింటికి, మామూలుగానే.'"

"మామూలుగానే!" అత్తగారు రెండు చేతులూ తలకి పట్టుకుంది. "వింటున్నారా? మామూలుగానేనట! అంటే ఇది మొదటిసారి కాదన్నమాట. పక్కన మొగుడున్నా ఫర్వాలేదట! ఇంత బరితెగింపు నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు తల ఎత్తలేదు. తడి జుట్టులోంచి నీళ్ళు భుజం మీద కారుతున్నాయి. తుడుచుకోలేదు.

బస్టాండులో అందరూ ఆమెను మైకమ్మ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంతసేపు ఆలస్యమో తొమ్మిదేళ్ళుగా మైకులో చెప్పేది ఆమే. రోజుకి వేలమంది ఆమె మాట విని అటోఇటో పరుగెడతారు. ఇంట్లో నలుగురి ముందు నిలబడితే ఆ గొంతు ఎక్కడికి పోతుందో తెలియదు.

ఆ లిఫ్టు ఏమిటో, ఆ అంతస్తులెక్కడున్నాయో ఆమెకు తెలుసు. రెండు వాక్యాలు చెబితే చాలు, సభ ముగుస్తుంది. కానీ ఆ రెండు వాక్యాల్లో ఒకటి మామగారి ముందు పలకాల్సి వస్తుంది. దానికంటే చెడ్డదాన్ననిపించుకోవడమే నయమని పావుగంటగా అనుకుంటోంది. మరీ పిచ్చి ఆలోచన కదూ? అయినా ఆ గదిలో నిలబడి చూస్తే మీకూ అలాగే అనిపించేది.

"ఆ పంపినవాడి పేరేది?" అంది అత్తగారు.

"పేరు లేదమ్మా. చుక్క పెట్టింది."

"చుక్కేమిటి?"

"పేరు రాయాల్సినచోట చుక్క. అంతే."

"పేరు కూడా రాయడానికి భయపడే మనిషి!" అత్తగారు కోడలి వైపు తిరిగింది. "చూడమ్మాయ్, నేను గట్టిగా అరవను. వీధిలోకి వినిపించేలా అల్లరి చెయ్యను. ఇవాళ మంగళవారం. గోడ మీద గడియారం చూడు. ఒంటిగంటన్నర. మూడింటికి నువ్వెక్కడికి వెళ్ళాలో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఈ లోపల చెప్పు. చెప్పలేకపోతే మీ పుట్టింటికి వెళ్ళు. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది. బడి నుంచి నేనే తీసుకొస్తాను."

అంతవరకూ నేల చూస్తున్న మైకమ్మ దిగ్గున తలెత్తింది.

"పిల్లా?"

"అవును. పిల్ల మా వాడి పిల్ల."

"అత్తయ్యా, అంత మాటనకండి."

"ఎందుకనకూడదు? తప్పు చేసినవాళ్ళు ఎవరైనా సరే, ఈ ఇంట్లో చోటుండదు. రేపు నేనే చేసినా ఇదే మాట."

మైకమ్మ మొగుడి వైపు చూసింది. లిఫ్టాయన గోడ వైపు చూశాడు.

"మీరేమంటారు?" అని అడిగింది.

"నేనేమనాలి?" అతని గొంతులో కోపం కంటే ఉక్రోషం ఎక్కువగా ఉంది. "పోయిన సోమవారమే నీ ఫోన్లో ఇలాంటి మెసేజు చూశాను. అప్పట్నుంచి ఈ పెల్విక్ అనే బిల్డింగు కోసం వారం రోజులు తిరిగాను. ఈ ఊళ్ళో లిఫ్టున్న బిల్డింగులన్నీ నాకు కంఠతా వచ్చు. పెల్విక్ అన్న పేరుతో ఒక్కటీ లేదు. ఆఫీసులో అడిగాను, పెల్విక్ బిల్డింగు లిఫ్టు ఎవరు చూస్తున్నార్రా అని. కొత్త కట్టడమేమో అన్నారు. వేరే కంపెనీ వాళ్ళదేమో అన్నారు. పోయిన మంగళవారం నీ వెనకాలే వచ్చాను."

"నా వెనకాల వచ్చారా?"

"వచ్చాను. కళ్ళజోళ్ళ కొట్టు పక్క సందులోకి తిరిగావు. పచ్చ గేటున్న బిల్డింగులోకి వెళ్ళావు. నలభై అయిదు నిమిషాలు ఎదుటి అరుగు మీద కూర్చున్నాను. నువ్వొచ్చాక లోపలికెళ్ళి చూశాను." అతను ఆగాడు. అసలు దెబ్బ అక్కడే తగిలినట్టుంది. "ఆ బిల్డింగులో లిఫ్టే లేదు! కిందొకటి, పైనొకటి, అంతే. మూడో అంతస్తు లేదు, రెండోదీ లేదు. నా దగ్గరేనా? లిఫ్టు మీదా నాకు అబద్ధం?"

ఎంత కష్టంలో ఉన్నా నవ్వు వచ్చేస్తే ఏం చేస్తాం? మైకమ్మకి వచ్చింది. గొంతు దాకా వచ్చేసింది. వారం రోజులు ఊరంతా తిరిగి పెల్విక్ బిల్డింగు వెతికిన మొగుడు కళ్ళముందు మెదిలాడు. పెదవులు బిగించినా ఆగలేదు. భుజాలు కదిలాయి.

నవ్వితే ఏమవుతుందో తెలుసు కదా. చప్పున కాళ్ళు దగ్గరికి జరిపి లోపల కండరాలు బిగించింది. మొదటి అంతస్తు. రెండోది. మూడోది. ఒకటి, రెండు, మూడు...

ఆగింది.

రెండు నెలల క్రితమైతే ఆగేది కాదు. ఇంత అవమానం మధ్యలోనూ ఒక్క క్షణం ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలి? ఈ ముగ్గురి మధ్య నిలబడి!

"నవ్వుతోందిరా!" అత్తగారు నిర్ఘాంతపోయింది. "కొంపలో నిప్పు పెట్టి నవ్వుతోంది!"

"ఎవడు వాడు?" అన్నాడు లిఫ్టాయన.

"వాడు కాదు, ఆవిడ."

"ఆవిడైతే చుక్కెందుకు పెట్టావు?"

మైకమ్మ గోడ మీద గడియారం చూసింది. ఒంటిగంటా నలభై. నాలుగింటికి బడి గేటు తీస్తారు. పిల్ల అటూ ఇటూ చూస్తుంది. వచ్చినావిడ చెయ్యి పట్టుకుంటుంది. అమ్మేదీ అని అడుగుతుంది. దానికి ఏ జవాబు చెబుతారో!

అది తలుచుకోగానే సిగ్గు ఎటు పోయిందో పోయింది. కానీ గొంతు రాలేదు. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు తనకు తెలియకుండానే నిటారుగా నిలబడి, మైకు ముందు కూర్చున్నప్పుడు చేసినట్టు కుడిచెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళు ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు బయటికొచ్చింది. బస్టాండు గొంతు.

"దయచేసి వినండి. నాలుగున్నరేళ్ళ క్రితం కాన్పయినప్పటి నుంచి నాకు దగ్గినా, తుమ్మినా, నవ్వినా, పిల్లనెత్తుకున్నా మూత్రం పడిపోతోంది."

మామగారి కుర్చీ కిర్రుమంది.

"దయచేసి వినండి. ఆడవాళ్ళకి పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోకెముక వరకూ ఊయల కట్టినట్టు కండరాలుంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పేగు వాటి మీదే ఆనుకుని ఉంటాయి. కాన్పులో పిల్లని పట్టుకారు పెట్టి లాగారు. నా కండరాలు సాగిపోయాయి. వాటినే పెల్విక్ ఫ్లోర్ అంటారు. అది బిల్డింగు కాదు."

లిఫ్టాయన నోరు తెరుచుకుంది.

"వాటికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి మంగళవారం మంగళవారం మూడింటికి వెళ్తున్నాను. లిఫ్టు ఎక్కించడమంటే ఆ కండరాల్ని కొంచెం కొంచెంగా పైకి బిగించడం. మూడో అంతస్తంటే బాగా బిగించడం. మీవారికి తెలియదంటే, పైకి కనపడదని అర్థం. గమనించగలరు."

మైకమ్మకి తన చెవులే గింగురుమన్నాయి. చెప్పేసింది. మామగారి ముందు మూత్రం అన్న మాట అనేసింది. భూమి బద్దలవలేదు.

ముందు లేచింది మామగారే. "నేను వసారాలో కూర్చుంటాను," అని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళాడు. పోతూ పోతూ కోడలి దగ్గర క్షణం ఆగి, "పిల్ల సంగతి నువ్వేం బెంగపెట్టుకోకమ్మా," అన్నాడు. అంత మాట ఆయన ఆ ఇంట్లో ఈ మధ్య అనలేదు.

"బిల్డింగు కాదా!" అన్నాడు లిఫ్టాయన.

"కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మైకమ్మ అతని వైపు చూసిన చూపుకి అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"చెప్పలేదా? పిల్లకి ఏడాది నిండకముందే చెప్పాను. మీరేమన్నారు?"

"నేనా?"

"గుర్తు లేదా? వాషరు అరిగిపోయిందేమో మార్పించుకో అన్నారు. అని నవ్వారు. మీరు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ పడిపోయింది. అది చూసి మీరు ఇంకా నవ్వారు."

అతను ఆమె ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"రెండోసారి చెప్పాను, బయటికి వెళ్ళేటప్పుడు ముదురు రంగు బట్టలే ఎందుకు కడుతున్నావని మీరడిగినప్పుడు. మూడోసారి, బస్టాండులో తుమ్మొచ్చిన రోజు. మైకు నొక్కి ఉంది, సగం ప్రకటన నోట్లో ఉంది. కుర్చీ తడిసిపోయింది. మైకు ఆపేసి, బాటిల్ ఒలికిందని అందరికీ అబద్ధం చెప్పి, ఆ కుర్చీ నేనే మోసుకెళ్ళి కడిగాను. ఆ రోజు నుంచి డ్యూటీ అయ్యేదాకా గుక్కెడు నీళ్ళు తాగడం మానేశాను. ఇంటికొచ్చి మీకు చెప్తే, టీవీ సౌండు పెంచి, పిల్లల్ని కన్నవాళ్ళందరికీ ఉండేదే అన్నారు."

"నాకు తెలీక..."

"అందుకే పేరుకి బదులు చుక్క పెట్టాను. ఇంకోసారి నవ్వించుకునే ఓపిక లేక."

లిఫ్టాయన ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. ఆసుపత్రి లిఫ్టులో ముగ్గురు ఇరుక్కుపోయారట, వెంటనే రమ్మని. ఇరుక్కున్నవాళ్ళ అదృష్టమో, అతని అదృష్టమో.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఎంతసేపటికీ వేసుకోలేకపోయాడు. "మూడింటికి వెళ్తావుగా?" అన్నాడు చివరికి.

"వెళ్తాను."

"వెళ్ళు. నేను... సాయంత్రం తొందరగా వస్తాను."

అతను వెళ్ళాక మైకమ్మ తల తుడుచుకుని వంటింట్లోకి వచ్చింది. అత్తగారు సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడుగుతోంది. క్షమాపణ చెప్పే అలవాటు ఆవిడకి లేదు. ఉంటే మాత్రం ఏ మాటతో మొదలుపెట్టాలి?

"టీ పెట్టనా అత్తయ్యా?"

"వద్దు."

నీళ్ళ చప్పుడు. గ్లాసు మీద గ్లాసు.

"అమ్మాయ్," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండా, "నాకు తెలిసిన ఒకావిడ ఉంది."

"ఊఁ."

"నాతోపాటు సబ్బుల ఫ్యాక్టరీలో చేసేది. ప్యాకింగులో. ఆవిడకి నీలాగా కారడం కాదు. అది వేరు." కొళాయి కట్టేసింది. మళ్ళీ తిప్పింది. "ఆవిడకి అది... కిందకి జారింది."

"గర్భసంచా?"

"ఏమో, ఏదో. సాయంత్రానికి కోడిగుడ్డంత బయటికొస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. మరీ పోకపోతే వేలితో నెట్టుకోవాలి. ఆ లిఫ్టూ గిఫ్టూ అన్నావే, అంత దాకా దిగిపోయినదానిక్కూడా పనిచేస్తుందా అని."

మైకమ్మ తువ్వాలు భుజం మీద వేసుకుంది.

"నేను డాక్టర్ని కాదత్తయ్యా. కానీ మా ఫిజియో చెప్పింది. కొంచెం జారితే వ్యాయామంతో చాలావరకు కుదుటపడొచ్చట. బాగా జారితే లోపల ఆసరా కోసం రింగు పెడతారట, మెత్తగా ఉంటుంది. ఆపరేషను కూడా ఉందట. ఏది కావాలో డాక్టరు చూసి చెప్తారు. ఆవిడకి ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా ఏళ్ళయింది."

"ఎలా వచ్చింది?"

"రెండో కాన్పు. బిడ్డ బాగా బరువు, నాలుగున్నర కిలోలు. రెండు రోజులు నొప్పులు పడింది. ఇరవయ్యో రోజున ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది, రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నారని. సబ్బుల పెట్టె ఎత్తి బల్ల మీద పెడుతుంటే లోపల ఏదో ఊడినట్టయింది. పెట్టె మాత్రం కింద పడెయ్యలేదు." అత్తగారి గొంతులో ఆ పెట్టె గురించి కొంచెం గర్వం కూడా వినిపించింది. "అలవాటైపోతుందిలే. గుడ్డ గట్టిగా కట్టుకుంటే రోజు గడిచిపోతుంది. కూర్చునేటప్పుడు ఒక పక్కకి ఒరిగితే ఒత్తుకోదు."

మైకమ్మ అత్తగారి వీపు వైపు చూసింది. ఈ ఏడేళ్ళలో ఆవిడ నిండుగా కుర్చీలో కూర్చోగా తను చూసిందా? అన్నం నిలబడి తింటుంది. టీవీ గుమ్మానికి ఆనుకుని చూస్తుంది. బస్సులో సీటు ఖాళీ ఉన్నా కూర్చోదు. పొగరనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. నాలుగున్నర కిలోల రెండో బిడ్డ ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పుట్టినప్పటి తూకం చెప్పుకుని లిఫ్టాయన ముప్ఫై ఆరేళ్ళొచ్చినా మురిసిపోతుంటాడు.

మైకమ్మ ఒకడుగు దగ్గరికి జరిగింది.

"అత్తయ్యా, ఆవిడకి ఈ మధ్య రక్తం ఏమైనా కనపడుతోందా?"

అత్తగారు గ్లాసు బోర్లించింది.

"అప్పుడప్పుడు. రెండు నెలల నుంచి. ఒరుసుకుని పుండైందేమో."

"అత్తయ్యా!"

"అరవకు."

"ముప్ఫై ఆరేళ్ళా? ముప్ఫై ఆరేళ్ళు ఇది మోస్తూ తిరుగుతున్నారా? ఇంత బాధ మీరు పడుతూ, నన్ను ఇంట్లోంచి పొమ్మన్నారా? నా పిల్లని ఉంచుకుంటానన్నారా?"

అత్తగారు ఇటు తిరిగింది. ఆ ముఖంలో సభ పెట్టిన మనిషి లేదు. ఎవరో పట్టుబడ్డ ఆడమనిషి ఉంది.

"నీది అలాంటి బాధని నాకేం తెలుసే? దీనికి ఒక వైద్యముంటుందని తెలిస్తే కదా, నువ్వు దానికోసం వెళ్తున్నావేమో అనుకోడానికి! ఆడది చెప్పకుండా బయటికెళ్తే ఇంకెందుకు వెళ్తుందనుకుంటాను?"

మైకమ్మకి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరికైనా చెప్పారా?"

"ఒక్కసారి మా అమ్మకి చెప్పాను. తనకీ ఉందంది. ఇలాంటివి బయటపెట్టకూడదంది. అంతే, మళ్ళీ ఎత్తలేదు."

"ఇవాళ నాతో రండి. మూడింటికి. అక్కడే లేడీ డాక్టరు కూడా కూర్చుంటుంది. రక్తం కనపడుతోందంటే ఆలస్యం చెయ్యకూడదు, ముందు ఆవిడ చూడాలి. నేను పక్కనే ఉంటాను."

"అక్కడ... విప్పి చూపించాలా?"

"చూపించాలి. ఆడవాళ్ళే ఉంటారు. మొదటిసారి నేనూ బిగుసుకుపోయాను. పిల్లని కన్నప్పుడు అంతమంది చూశారు, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకమ్మా అంది మా ఫిజియో. నవ్వేశాను. నవ్వితే ఏమైందో మీకు తెలుసుగా, వైద్యం అక్కడి నుంచే మొదలైంది."

అత్తగారి పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వేమో అనుకునేంతలో మాయమైంది.

"వస్తాను," అంది. "కానీ ఒట్టెయ్యి. వాడికి చెప్పకు. నా వల్లే అమ్మకిలా అయిందని కుమిలిపోతాడు. ఆయనకైతే అసలే తెలియకూడదు. ఈ ముప్ఫై ఆరేళ్ళూ ఆయనకి తెలియకుండా ఎలా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడ చూపు కోడలి భుజం మీదుగా గుమ్మం వైపు ఉంది.

మామగారు ఖాళీ మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఎప్పుడొచ్చినా సరిపడినంత విన్నాడని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

"మామయ్యా, నీళ్ళిస్తానుండండి," అని మైకమ్మ చెంబు కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"అందుకా?" అన్నాడు భార్యతో.

అత్తగారు వెనక్కి తిరిగి కొళాయి కట్టేసింది.

"వాడు పుట్టాక పిల్లాడితో వేరే గదిలో పడుకుంటానన్నావు. నిద్ర సరిపోవట్లేదన్నావు. వాడు పెద్దాడయ్యాడు. గది మారలేదు. ఒకసారి నీ చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నావు. అదంతా అందుకా?"

"ఊరుకోండి. కోడలుంది."

"ఉండనీ. దాని సంగతి మనమంతా కూర్చుని విన్నాం కదా. నీ సంగతి దాన్నీ విననీ. నేనంటే నీకు అసహ్యమనుకున్నానే. ముప్ఫై ఆరేళ్ళు అదే అనుకున్నాను."

"మీకు అసహ్యమేస్తుందని నేననుకున్నాను," అంది అత్తగారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. మైకమ్మకి అక్కడ ఉండాలో పోవాలో తెలియలేదు. పోవాలంటే ఆ ఇద్దరి మధ్య నుంచే పోవాలి. గోడకి అతుక్కుపోయింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే," అన్నాడు మామగారు. "ఒక్క మాట. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదే. నా మీద అంత నమ్మకం లేకపోయిందా?"

"సిగ్గేసింది."

"సిగ్గేసి నా జీవితం..." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు వద్దనుకున్నావనే కదా నేను... లేకపోతే నాకేం ఖర్మ? నా అంతట నేను ఎప్పుడూ... నువ్వు వద్దనుకున్నావనే..."

చప్పున నోరు మూసుకున్నాడు.

మైకమ్మ అత్తగారి ముఖం చూసే ధైర్యం లేక మామగారి ముఖం చూసింది. ఆ ముఖం ఇంకా భయంగా ఉంది.

"వద్దనుకున్నానని?" అంది అత్తగారు. గొంతు చాలా మెల్లగా ఉంది. "వద్దనుకున్నానని మీరేం చేశారు?"

"ఇప్పుడదంతా ఎందుకే?"

"చెప్పండి."

"ఏముంది చెప్పడానికి?" మామగారు గుమ్మానికి చేరగిలబడ్డాడు. నలభై ఏళ్ళు వణకని చేతుల్లో చెంబు గడగడలాడుతోంది. "ఆవిడ పోయి కూడా ఆరేళ్ళయింది."

"ఏ ఆవిడ?" అంది అత్తగారు.